భోగవర్మ కప్పుకున్న బొంత

మూడు కొండలు దిగి నాలుగో కొండ నెత్తికెక్కేసరికి సుకేతనుడి కళ్ళ ముందు పద్మగంధి నగరం పరుచుకుంది. పసిడి పూత పూసిన పదహారు గోపురాలు పొద్దుటెండకు ధగధగలాడుతున్నాయి. కోట చుట్టూ వెడల్పాటి అగడ్త, అగడ్త నిండా ఎర్రతామరలు, తామరల మీద తుమ్మెదల ఝంకారం. చలువరాతి ప్రాకారం మీద నెమలిపింఛాల రంగుల జెండాలు బారులు తీరి రెపరెపలాడుతున్నాయి. వీధి వీధికీ పన్నీటి చిమ్మనగ్రోవులు జల్లు కురిపిస్తున్నాయి. ఇంద్రుడి పట్టణమే నేల మీదికి దిగివచ్చిందా అనిపించే ఆ నగరాన్ని చూసి రాకుమారుడు ఒక్క క్షణం నిలిచిపోయాడు.

అంతలో గాలి ఇటు తిరిగింది.

ఏళ్ళ తరబడి ఉతకని పక్కబట్టల కంపు, చెడిపోయిన నేతి కంపు, పులిసిన చెమట కంపు మూడూ కలిసి ముక్కులో ఎవరో గుడ్డ కూరినట్టు వచ్చి పడ్డాయి. పన్నీరు ఆ కంపును చంపలేదు సరికదా, దానికి తీపి అద్దింది. సుకేతనుడు పక్కనున్న బండను పట్టుకుని వంగి, పొద్దున తిన్న అటుకులు కక్కేశాడు.

గుడ్డపేలికల మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మల్లసాని తాపీగా చూసింది.

"అది రాజుగారి వాసన, నాయనా. గుమ్మం దాటాక ఇంకా ముదురుతుంది. ఉన్నదంతా ఇక్కడే కక్కేయి. లోపల కక్కితే అనుమానం వస్తుంది" అంది.

సుకేతనుడు హరితపురి రాజుగారి పెద్దకొడుకు. అతను ఇంత దూరం రావడానికి కారణం ఏడేళ్ళ చెల్లెలు వకుళ. ముప్ఫై ఒక్క రోజుల కిందట హరితపురికి ఒక కథలవాడు వచ్చాడు. ఒంటి నిండా చందనం, చంకలో తాళపత్రాల కట్ట. అంతఃపురంలో వకుళను కూర్చోబెట్టుకుని నిద్దరకథ చదివాడు. కథ సగంలోనే పిల్ల నవ్వుకుంటూ నిద్రపోయింది. కథ పూర్తయ్యాక అతను ఆమె చిలకపచ్చ పట్టులంగా అంచు జానెడు కత్తిరించుకుని వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి వకుళకు కునుకు లేదు. కళ్ళు తెరుచుకుని పడుకునే ఉంది, పాలు పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోతున్నాయి. కల పోయిన ఒంటికి నిద్ర అంటదనీ, నిద్ర అంటని పసిప్రాణం నలభై రోజులకు మించి నిలవదనీ రాజవైద్యుడు తేల్చి చెప్పాడు. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ కథలవాడి పేరు జంబుకాక్షుడనీ, పద్మగంధి రాజు భోగవర్మకు ఆస్థాన మాంత్రికుడనీ సుకేతనుడికి చెప్పింది మల్లసానే. అరవై ఏళ్ళ ఆ ముసలమ్మ రాజుగారి బొంత కుట్టే నలభై మంది ఆడవాళ్ళలో ఒకతె. దారపుండలు కొనడానికని కోట నుంచి బయటికి వచ్చి, వెనక్కి పోబుద్ధి కాక, ముందుకు పోయే చోటు లేక, రెండు రోజులుగా రేవులో కూర్చుని ఉండగా అతనికి కనిపించింది. మాంత్రికుడు ఊరూరా తిరిగి పిల్లలకు కథ చదువుతాడని, కథ పూర్తయ్యేసరికి వాళ్ళ కల వాళ్ళ ఒంటి మీది గుడ్డలోకి దిగిపోతుందని, ఆ ముక్కలన్నీ కలిపి కుట్టిన బొంతను రాజు కప్పుకుంటాడని ఆమె చెప్పింది. బొంత కుట్టే మండపంలోకి పరాయి మగవాడికి ప్రవేశం లేదు. అందుకే హరితపురి యువరాజు పడవవాడి మంగలికత్తి అరువు తీసుకుని, మొలిచినప్పటి నుంచి ముట్టుకోని మీసాలు తీసేసి, మల్లసాని పాత గళ్ళచీర కట్టుకుని, ఆమెకు మూగ మరదలయ్యాడు.

కోట గుమ్మం దగ్గర దూడంత ఉడుమును గొలుసుతో కట్టేశారు. లోపలికి వచ్చేవాళ్ళ ఒంటి మీద ఇనుముంటే అది నాలుకతో పసిగడుతుంది. వచ్చే ముందే మల్లసాని యువరాజు బాకును తన సూదుల మూటలో దూర్చింది. ఆ మూటను ఉడుము రోజూ నాకేదే కాబట్టి పైపైన నాకి వదిలేసింది. తర్వాత సుకేతనుడి వైపు తిరిగి, ముంజేయంత పొడవున్న చీలిన నాలుకతో అతని గడ్డం నుంచి నుదుటి దాకా ఒక్కసారి నాకింది. జిగురు కళ్ళలోకి కారింది. ఆ నోట్లోంచి కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. రాకుమారుడు ఊపిరి బిగబట్టాడు.

నాలుక అతని పైపెదవి దగ్గర ఆగిపోయింది. మంగలికత్తి గాటు అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. ఉడుము తల పక్కకు వాల్చి బుస కొట్టింది.

కాపలావాడు ఈటె పైకెత్తి, ఈమెకు మూతి మీద ఆ గాటేమిటని అడిగాడు. మొగుడు పోయినప్పటి నుంచి మనసు చెదిరి మూతిని గోడకేసి రుద్దుకుంటోందని, రాత్రిళ్ళు మనుషుల్ని కూడా కరుస్తుందని మల్లసాని చెప్పింది. సుకేతనుడు పళ్ళు బయటపెట్టాడు. కాపలావాడు రెండడుగులు వెనక్కి వేసి, త్వరగా లోపలికి పొమ్మని ఈటెతో దారి చూపించాడు.

శయనమండపానికి నూటెనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభానికీ పగడాలు తాపడం చేసిన తీగలు, తీగల మీద పచ్చల చిలకలు, కప్పు నిండా వెండి నక్షత్రాలు. కానీ ఆ నక్షత్రాలు జిడ్డు ధూపానికి నల్లబడి ఉన్నాయి. చిలకల ముక్కుల నుంచి సాలెగూళ్ళు వేలాడుతున్నాయి. మండపం నడుమ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఒక పెద్ద చేనంత మేర బొంత పరుచుకుని ఉంది. అంచుల వెంట ఆడవాళ్ళు తలలు వంచుకుని కుడుతున్నారు.

బొంతలోని ప్రతి ముక్కా బతికే ఉంది. ఉయ్యాల గుడ్డ ముక్కలో పెరుగు సముద్రం మీద ఒక పాప ఇత్తడిపళ్ళెం పడవ నడుపుతోంది. బొమ్మల అచ్చు వేసిన చొక్కా ముక్కలో చుక్కలను చాప మీద వడియాల్లా ఎండబెట్టి, కాకులు రాకుండా ఎవరో పిల్లవాడు కాపలా కాస్తున్నాడు. దుప్పటి కొసలో ఒక మామిడిపండు తన చుట్టూ కూర్చున్న పిల్లలకు పొడుపుకథలు వేస్తోంది. ఆ ముక్కలన్నిటినీ కలిపి చూస్తే వెయ్యి కిటికీల మేడలా ఉంది. అయితే ప్రతి కిటికీ మీదా వేళ్ళ మరకలు, చీమిడి మరకలు, తాంబూలం మరకలు. పిల్లల ఆకాశాల మీద నేతిచేతులు తుడుచుకున్న గుర్తులు.

బొంత నడుమ నుంచి ఒక తల బయటికి కనిపిస్తోంది. అదే భోగవర్మ మహారాజు. తడిస్తే కలల రంగు వెలుస్తుందని మాంత్రికుడు చెప్పిన నాటి నుంచి, అంటే రెండేళ్ళుగా, అతను నీళ్ళు ముట్టలేదు. జుట్టు అట్టకట్టింది. చెంపల మడతల్లో బూజు పెరిగింది. మూసిన రెప్పల కింద కళ్ళు గిరగిర తిరుగుతుంటే నోటి మూల నుంచి చొంగ కారుతోంది. చుట్టూ సామంతులు, దండనాయకులు, పండితులు తమ తమ అంతస్తును బట్టి బొంత కిందికి పాదాల వరకో మోకాళ్ళ వరకో దూర్చి వెల్లకిలా పడి ఉన్నారు. నెరిసిన గడ్డాల వాళ్ళు అరమోడ్పు కన్నులతో చంటిపిల్లల్లా కిలకిలలాడుతున్నారు. ఒకడు గాలిలో వడియాలు ఏరుకు తింటున్నాడు.

ఆ నవ్వులు విన్నాక సుకేతనుడికి ఆ కంపు కూడా పెద్దగా తోచలేదు. యుద్ధాల్లో తెగిన తలలు చూశాడు, చీము పట్టిన గాయాలు కట్టాడు. కానీ ముసలి నోళ్ళలోంచి పసినవ్వు రావడం చూస్తే అతనికి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది.

అంచున కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న మల్లసానిని, ఇందులో నువ్వెన్ని ముక్కలు కుట్టావని పెదవులు కదపకుండా అడిగాడు. తానొక్కతే రెండు వందల పైన కుట్టానని ఆమె చెప్పింది.

"నీకు చేతులెలా ఆడాయి, అవ్వా?"

మల్లసాని దారం కొసను నోటితో తడిపింది. "నాకెవరూ లేరు నాయనా, అందుకని ఆడాయి. రెండు పూటలా అన్నం, నీడపట్టున పని. పాతగుడ్డ ముక్కేగా అనుకున్నాను. పోయిన నెల ఒక ముక్కలో సూది దింపితే అది అమ్మా అంది. అప్పటి నుంచి ముద్ద నోటి దాకా పోతే వెనక్కి వస్తోంది."

సుకేతనుడు తెలియకుండానే ఆమె నుంచి జానెడు పక్కకు జరిగాడు. ఆమె అది చూసింది. సూదితో ఒక చోటు చూపించింది.

చిలకపచ్చ పట్టుముక్క రాజుగారి గడ్డం కిందే ఉంది. ఉన్న కలలన్నిటిలోకీ అది తియ్యనిదట. భోగవర్మ దాని కొసను నోట్లో పెట్టుకుని, చంటివాడు పాలు తాగినట్టు చప్పరిస్తున్నాడు. యువరాజు చెయ్యి బాకు ఉన్న మూట మీదికి పోయింది. మల్లసాని అతని మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ కలలో రాజు ఉండగా ముక్కను కోస్తే కల రెండుగా తెగి పిల్ల చచ్చిపోతుందని గొణిగింది. ముందు అతణ్ణి ఆ కలలోంచి బయటికి వెళ్ళగొట్టాలి, ఆ తర్వాతే కుట్లు విప్పాలి. బొంత కిందికి దూరాలంటే వీలైన వేళ ఒక్కటే, మాంత్రికుడు కథ చదివే వేళ. మొదలుపెట్టిన కథను అతను సగంలో ఆపకూడదు, పత్రాల మీది నుంచి చూపు తిప్పకూడదు. ఆగితే ఆ కథ చదివేవాడినే మింగుతుంది.

మధ్యాహ్నపు శంఖం మోగింది. జంబుకాక్షుడు వచ్చాడు. ఆ మండపం మొత్తంలో శుభ్రంగా ఉన్న మనిషి అతనొక్కడే. తెల్లని పట్టుపంచె, పూసిన చందనం, కడిగిన ముత్యం లాంటి పలువరుస. కళ్ళు మాత్రం నక్కకళ్ళు, పసుపుపచ్చగా, రెప్ప వాల్చకుండా ఉన్నాయి. వెనకాల దాసి ఒకతె నాలుగేళ్ళ పాపను చంకనేసుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. మాంత్రికుడు పాప తల నిమిరి, జంతిక ఒకటి చేతిలో పెట్టి, గ్రంథం విప్పాడు. అందులోని పత్రాలు తాటాకుల్లా లేవు. ఎండిన నాలుకల్లా మెలికలు తిరుగుతున్నాయి.

"అనగనగా ఒక ఏటిగడ్డన నిద్దరంటే ఏమిటో తెలియని ఒక పిట్ట ఉండేది..."

ఆ గొంతు తేనెలో నానబెట్టినట్టుంది. వింటున్న సుకేతనుడి రెప్పలు బరువెక్కాయి. తొడలో సూది కసుక్కున దిగింది. మల్లసాని కళ్ళతోనే, ఇంకా ఇక్కడే కూర్చున్నావేమిటని గదిమింది. అతను బాకు అందుకుని బొంత అంచు ఎత్తి లోపలికి దూరాడు.

లోపల ఉక్క. చీకటి. చేతుల కింద సగం కొరికిన లడ్లు, నమిలి ఉమ్మిన చెరకుపిప్పి, కోసి పారేసిన గోళ్ళు. దేన్నో పట్టుకుంటే అది ఎవరి కాలివేళ్ళో, మెత్తగా, తడిగా. మోకాళ్ళ మీద పాకుతూ పదడుగులు పోయాడో లేదో కిందినున్న నేల జారిపోయింది. పెరుగు సముద్రంలో మెడ దాకా పడ్డాడు. పళ్ళెం పడవలో పాప లేదు, ఒక బొజ్జ సామంతుడు కూర్చుని గట్టు దాకా ఆ పెరుగునే జుర్రుకుంటున్నాడు. పాప ఒడ్డున చెమ్చా పట్టుకుని వణుకుతోంది. యువరాజు ఈది బయటపడ్డాడు. చుక్కల చాప మీది నుంచి పరుగెత్తితే ఎంగిలి చేసి పడేసిన చుక్కలు కాలికి అంటుకున్నాయి. ఆ పక్క దుప్పటి కలలోకి దూకాడు. పొడుపుకథలు వేసే మామిడిపండును ఎవరో టెంక దాకా చీకేశారు. ఆ టెంక అతని కాళ్ళకు అడ్డంపడి, ఒక్క పొడుపుకథ విని పొమ్మని బతిమాలింది. ఆగడానికి వ్యవధి లేదు. పైనుంచి మాంత్రికుడి గొంతు వినిపిస్తూనే ఉంది. పిట్ట అప్పుడే మొదటి ఊరు దాటింది.

గడ్డిపరకల కంచె కింద నుంచి పాకి అతను చిలకపచ్చని పచ్చిక మీద లేచి నిలబడ్డాడు.

అక్కడ చీమల విందు జరుగుతోంది. వేలకువేల చీమలు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కో చీమ ముందు ఒక్కో తులసాకు విస్తరి, దాని పక్కన నీటిబొట్టు. ఆ బారుల మధ్య చిన్న గరిటె పట్టుకుని పాయసం వడ్డిస్తోంది వకుళ. కానీ చీమల ఆకులన్నీ ఖాళీగానే ఉన్నాయి. వరస మొదట్లో కొండలా కూర్చున్న భోగవర్మ ముందు మాత్రం అరిటాకు. వకుళ గరిటె ముంచిన ప్రతిసారీ అతను చెయ్యి చాచి దాన్ని తన ఆకులోకే ఒంచుకుంటున్నాడు. పిల్ల భుజం వాచిపోయింది. ముప్ఫై ఒక్క రోజులుగా ఆమె వడ్డిస్తూనే ఉంది.

సుకేతనుడు బాకు దూశాడు. తీసి చూస్తే చేతిలో ఉన్నది ములక్కాడ. ఇది వకుళ కల, ఆమె ఆటస్థలంలో ఆయుధాలకు చోటు లేదు.

చెల్లెలు తలెత్తి అతణ్ణి ఎగాదిగా చూసింది. "అన్నయ్యా, నీ మీసాలేవి?"

దారిలో తీసేశానని, మళ్ళీ మొలుస్తాయని చెప్పి అతను ఆమె పక్కన కూర్చున్నాడు. భోగవర్మ అతని వైపు తిరిగి కూడా చూడలేదు. మూతి నిండా పాయసం, ముంజేతుల వెంట మోచేతుల దాకా పాయసం. ఈయన్ని లేచి పొమ్మని ఎందుకు చెప్పలేదని సుకేతనుడు మెల్లగా అడిగాడు.

"పంక్తిలో కూర్చున్నవాళ్ళని లేపకూడదని అమ్మ చెప్పిందిగా" అంది వకుళ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చీమలకు ఆకలేస్తోంది. ఈయన చాలనడు."

సుకేతనుడు ఆలోచించాడు. అమ్మ చెప్పిన మాట అమ్మ చెప్పిన మాటే. ఆ పిల్ల దాన్ని తోసిపుచ్చదు. పైన పిట్ట రెండో ఊరు దాటి మూడో ఊరి పొలిమేరకు వచ్చింది.

"అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది కదూ. కూర్చునే ముందు ఈయన కాళ్ళు కడుక్కున్నాడా?"

వకుళ గరిటె కింద పెట్టింది. వంగి, అరిటాకు పక్క నుంచి రాజుగారి పాదాల వైపు చూసింది. రెండేళ్ళ మురికి ఆ పాదాల మీద చెట్టుబెరడులా పెచ్చులు కట్టింది. వేళ్ళ సందుల్లో ఏదో పచ్చగా మొలిచి కదులుతోంది. పిల్ల ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. అన్నాళ్ళ జాలీ, భయమూ, మర్యాదా ఆ చిన్న ముఖంలోంచి ఒక్కసారిగా పోయి, పెద్దముత్తయిదువకు వచ్చేంత రోత వచ్చింది.

"కాళ్ళు కడుక్కోనివాళ్ళు పంక్తిలోకి రాకూడదు. చీమలూ, ఈయన్ని అవతల పెట్టి రండి" అంది.

వేలకువేల చీమలు ఆకుల ముందు నుంచి లేచాయి. భోగవర్మ నోట్లోని పాయసం మింగేలోపలే అతని కిందికి దూరాయి. చచ్చిన మిడతను మోసుకుపోయినట్టు ఆ కొండంత మనిషిని పైకెత్తాయి. తాను మహారాజుననీ, ఈ కల తనదేననీ అతను కేకలు పెడుతూనే ఉన్నాడు. చీమలు మాట్లాడకుండా మోసుకుపోయి గడ్డిపరకల కంచె అవతల పడేశాయి.

నన్ను ఇంటికి తీసుకుపోతావా అని వకుళ అన్నను అడిగింది. నడుముకు కట్టుకుని తీసుకుపోతానని అతను చెప్పాడు. అయితే నువ్వు పద, నేను ఆయన కూర్చున్న చోటు అలకాలి అని, పిల్ల అప్పుడే లంగా దోపుకుని పేడనీళ్ళు కలుపుకుంటోంది.

సుకేతనుడు బొంత కింది నుంచి తల బయట పెట్టేసరికి మండపం అదిరిపోతోంది. రెండేళ్ళ తర్వాత భోగవర్మ మొదటిసారిగా కళ్ళు తెరిచాడు. ఒళ్ళంతా చీమలు కుట్టిన దద్దుర్లు. గోక్కుంటూ లేచి కూర్చుంటే బొంత భుజాల మీది నుంచి జారింది. దాని కింద దాగిన కంపు మొత్తం ఒక్కసారిగా పైకి లేచింది. అప్పటిదాకా అందులోనే పొర్లిన సామంతులు కూడా ముక్కులు మూసుకున్నారు. ఆ గందరగోళంలో మల్లసాని రాజుగారి ఒళ్ళోకి వంగి సూది మొనతో పన్నెండు కుట్లు చకచకా విప్పేసింది. చిలకపచ్చ ముక్కను సుకేతనుడి చేతిలో పెట్టింది. అది గూట్లోంచి తీసిన పిచ్చుకపిల్లలా వెచ్చగా కొట్టుకుంటోంది.

పని అయిపోయింది, ఇక పారిపోదామన్నాడు యువరాజు. మల్లసాని కదల్లేదు. పీట మీది పాప వైపు చూస్తోంది. పాప చేతిలోని జంతిక జారి కింద పడింది. తల వాలిపోతోంది. చొక్కా అంచు మీద ఒక చిన్న వెలుగు దిగుతోంది. జంబుకాక్షుడి నుదుటి మీద చెమట పట్టింది. జరుగుతున్నదంతా అతనికి తెలుస్తూనే ఉంది, కానీ చూపు ఎత్తలేడు. గొంతు వేగం పెంచాడు. పిట్ట మూడో ఊరు కూడా దాటి గూటి కొమ్మ మీద వాలింది. ఇంకొక్క వాక్యమే మిగిలింది.

ముసలమ్మ బొంత కొసను రెండు చేతులా పట్టుకుంది. రాజు రెండేళ్ళు ముక్కు తుడుచుకున్న కొస అది. మూడంగల్లో పీట దగ్గరికి చేరి, కథ చదువుతున్న ఆ నోట్లోకి ఆ కొసను గొంతు దాకా కూరేసింది.

మాట ఆగిపోయింది. మాంత్రికుడి తెల్లని ముఖం వాంతి పట్టలేక నీలంగా మారింది. పత్రాలు నాలుకల్లా సాగి అతని వేళ్ళకూ మెడకూ చుట్టుకున్నాయి. మడతలు పెట్టి, నలిపి, గ్రంథంలోకి లాక్కుని టపీమని మూసుకున్నాయి. అదే క్షణంలో బొంత ఈ మూల నుంచి ఆ మూల దాకా కుట్లు తెగి విడిపోయింది. పెరుగు సముద్రం స్తంభాల మధ్య పొంగి సామంతులను తోసుకుపోయింది. చుక్కలు కిటికీల్లోంచి ఎగిరిపోయాయి. కప్పు బద్దలు కొట్టుకుని ఒక ఏనుగు లేచింది. ఏనుగును ఎన్నడూ చూడని ఒక పిల్ల, పెద్దలు చెప్పగా విని కన్న కల అది. దానికి నిజంగా చేటలే చెవులు, రోళ్ళే పాదాలు, పొట్లకాయ తొండం. సుకేతనుడు పాపను భుజాన వేసుకుని, మల్లసానిని నడుం పట్టుకుని దాని మీదికి విసిరి, తానూ ఎగిరి కూర్చున్నాడు. ఏనుగు చేటలు విసురుకుంటూ పద్మగంధి గోపురాల మీది నుంచి ఆకాశంలోకి పోయింది.

చల్లని గాలి ముఖానికి తగిలింది. యువరాజు గుండెల నిండా పీల్చుకున్నాడు. అప్పుడు వెనక నుంచి, బద్దలైన కప్పులోంచి ఒక గొంతు వినిపించింది.

"గూ... గూటి... కొ... కొమ్మ..."

భోగవర్మ గ్రంథం చేతికి తీసుకున్నాడు. నెత్తి మీది నుంచి పెరుగు కారుతుండగా, ఒళ్ళు గోక్కుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు. ఆ చివరి వాక్యం పూర్తయితే మాంత్రికుడు బయటికి వస్తాడు, కొత్త బొంత కుడతాడు. అంత అవమానం జరిగినా ఆ మనిషికి కావలసింది ఇంకాస్త నిద్ర, అంతే. సుకేతనుడికి కోపం కూడా రాలేదు. కాలికి అంటిన పేడను చూసినట్టు చూసి ముఖం తిప్పుకున్నాడు.

తిప్పుకున్నాక గమనించాడు. పొద్దు ఎడమచేతి వైపు ఉంది. హరితపురి దక్షిణాన ఉంటే ఏనుగు ఉత్తరానికి పరుగెత్తుతోంది.

కల తన పిల్ల దగ్గరికే పోతుందని మల్లసాని చెప్పింది. ఈ ఏనుగు ముక్కను కుట్టింది తానేనట. ఉప్పుదీవిలో చేపలు పట్టేవాళ్ళ పిల్లది. ఎన్నాళ్ళయిందని అతను అడిగాడు. ఆమె వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, ఈ రోజుతో ముప్ఫై తొమ్మిది అంది.

ఏనుగు బాగా కిందికి దిగి ఒక గడ్డివాము మీదుగా పోతోంది. దూకితే దెబ్బ తగలదు. అక్కడి నుంచి హరితపురికి ఎనిమిది రోజుల నడక.

"నువ్వు దూకెయ్ నాయనా. ఆ పిల్ల దగ్గరికి నేను పోతాను. కుట్టినదాన్ని నేను" అంది మల్లసాని.

సుకేతనుడు నడుముకు కట్టుకున్న చిలకపచ్చ ముక్కను అరచేత్తో అదిమిపట్టి చూశాడు. అది కొట్టుకుంటూనే ఉంది. భుజం మీది పాప నిద్రలో చీరకొంగు చప్పరిస్తోంది. వెనక పద్మగంధి మీద ఆకాశం నక్కకంటి పసుపురంగుకు తిరుగుతోంది. కూడబలుక్కునే గొంతు ఆగిపోయింది. వాక్యం పూర్తయింది.

గడ్డివాము వెనక్కి పోయింది. యువరాజు రెండు మడమలతో ఏనుగు డొక్కలో పొడిచి, ఉత్తరానికి ఇంకా వేగంగా తోలాడు.